‘మాతెర్’ స్వరకర్త పేరు ఏమైంది?

సంపాదకులు గారికి నమస్కారములు.

మొన్నటి ఆదివారం అనుబంధంలో వివిధ దేశాల లాలిపాటలపై మీరు ప్రచురించిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అందులో ‘మాతెర్’ (లాటిన్‌లో ‘తల్లి’) అనే ఆల్బమ్‌ను ప్రస్తావిస్తూ అది ‘చెక్ గాయని ఇవా బిట్టోవా జానపద గీతాల సంకలనం’ అని రాశారు. బిట్టోవా చెక్ దేశస్థురాలన్న మాట నిజమే. అయితే ఆ రచన ఆమెది కాదు, చెక్ దేశానిదీ కాదు, సంకలనం అసలే కాదు. దానిని రచించినవారు స్లొవాకియాకు చెందిన వ్లాదిమీర్ గోదార్. వ్యాసం మొత్తంలో ఆయన పేరు ఒక్కచోట కూడా కనిపించలేదు. ముప్పై ఏళ్లకు పైగా వయొలిన్ పాఠాలు చెప్పినదానిని కనుక, గాయకుల పేర్లు అచ్చువేసి వాగ్గేయకారుడి పేరు వదిలేసిన కచేరీ కరపత్రం చూస్తే ఎలా ఉంటుందో నాకు అలాగే అనిపించింది.

గోదార్ 1956లో బ్రాటిస్లావాలో పుట్టారు. అప్పటికి ఆ దేశం చెకొస్లొవాకియా. 1993 జనవరి 1న అది చెక్, స్లొవాకియా అనే రెండు దేశాలుగా విడిపోయినా మన పత్రికలకు ఇప్పటికీ చెక్ పేరే ముందు గుర్తొస్తుంది. బ్రాటిస్లావాలోని కన్సర్వేటరీ అనే సంగీత పాఠశాలలోనూ, తరువాత కళా అకాడెమీలో స్వరకర్త దేజిదేర్ కార్దోష్ వద్దా ఆయన స్వరరచన నేర్చుకున్నారు. 1968 ఆగస్టులో సోవియట్ కూటమి సేనలు దేశంలోకి వచ్చిన తరువాత అక్కడి కొత్త సంగీతానికి గడ్డుకాలం దాపురించింది. స్వరకర్త లాదిస్లవ్ కుప్కోవిచ్ పశ్చిమ జర్మనీకి వెళ్లిపోయారు, మరో స్వరకర్త రోమన్ బెర్గర్‌ను స్వరకర్తల సంఘం నుంచి బహిష్కరించారు. గోదార్ విద్యార్థిగా ఎదిగింది ఆ వాతావరణంలోనే. ముందు తరంవారు కొత్త ధ్వనుల కోసం వెతికితే, ఈయన మూడు నాలుగు శతాబ్దాల వెనక్కి తిరిగి చూశారు.

ఆ వెనుదిరిగి చూడటంలో ఎంత తెగువ ఉందో 1984 నాటి ‘ఓర్బిస్ సెన్సువాలియం పిక్తుస్’ అనే ఒరటోరియో చెబుతుంది. గాయకులు, బృందగానం, ఆర్కెస్ట్రా కలిసి ప్రదర్శించే ఆ పెద్ద రచనకు ఆధారం ఒక పిల్లల వాచకం! మతయుద్ధాలలో ఇల్లూ ఊరూ కోల్పోయి, చివరకు పరాయి దేశంలోనే కన్నుమూసిన కొమెన్‌స్కీ అనే ఉపాధ్యాయుడు ఆ వాచకాన్ని 1658లో న్యూరెంబర్గ్‌లో అచ్చువేయించారు. లోకంలో ఉన్న సమస్తాన్నీ, దేవుడు మొదలుకొని రొట్టెలు కాల్చే పని వరకు, బొమ్మలతో పిల్లలకు చూపించే పుస్తకమది. అందులో మొదటి అక్షరానికి బొమ్మ కాకిది. కాకి ‘ఆ ఆ’ అంటుంది, గొర్రెపిల్ల ‘బే బే’ అంటుంది. మన పెద్దబాలశిక్ష చదువుకున్నవారికి ఆ పద్ధతిలోని ముద్దు వేరే చెప్పనక్కరలేదు. ఏది చూడాలో, ఏది పాడాలో ప్రభుత్వమే నిర్ణయించే రోజులలో, లోకాన్ని మొదటి అక్షరం నుంచి మళ్లీ చూద్దామనే పుస్తకాన్ని ఒక యువ స్వరకర్త ఎంచుకోవడం ఊరికే జరిగి ఉంటుందని నేను అనుకోను.

ఇక ‘మాతెర్’ సంగతి. మా అబ్బాయి స్లొవాకియాలోని నిత్ర పట్టణంలో ఒక కార్ల కర్మాగారంలో పనిచేస్తున్నాడు. మనవరాలు పుట్టినప్పుడు నాలుగు నెలలు అక్కడ ఉన్నాను. పక్కింటావిడ బారసాల కానుకగా ఇచ్చిన సీడీ అది. మ్యూనిక్‌లోని ఇసిఎం అనే రికార్డుల సంస్థ 2006లో విడుదల చేసింది. ‘ఉస్పావంకీ’ అనే భాగం రాగానే పాప కాళ్లు తన్నుకోవడం మానేసింది. ఆ మాటకు అర్థం జోలపాటలే. మొదటి విడత నేనూ దానిని జోలపాటగానే విన్నాను. రెండోసారి విన్నప్పుడు మాత్రం నా చెవి గొంతు మీద కాక తీగల మీద నిలిచింది. వాద్యబృందం మీలోష్ వాలెంట్ నడిపే ‘సోలమెంటే నాతురాలి’. వారు వాయించేది బరోక్ కాలపు, అంటే 17, 18 శతాబ్దాల నాటి పద్ధతిలో, జంతువుల పేగుతో చేసిన గట్ తీగల మీద. ఉక్కు తీగల మెరుపు ఆ నాదంలో ఉండదు. కమాను తీగను తాకేటప్పటి గరగర సన్నగా వినిపిస్తుంది. నా చిన్నతనంలో మా గురువుగారి వయొలిన్ నాదం అలా ఉండేది.

పాటలు చాలావరకు తల్లి చుట్టూనే తిరుగుతాయి, కాని అన్నీ జోలలు కావు. ‘మైకోమష్మలోన్’ తూర్పు ఐరోపా యూదులు మాట్లాడే యిడ్డిష్ భాషలోని పాట. వాన, దీపం, గడియారం చూస్తూ ‘దీని భావమేమిటి’ అని ఒంటరి విద్యార్థి తనను తాను ప్రశ్నించుకుంటాడు. 1942లో వేలాది యూదులను రైళ్లకెక్కించి మృత్యుశిబిరాలకు పంపిన దేశంలో ఆ భాష మళ్లీ వినిపించడం చిన్న విషయం కాదు. ‘ఎక్సే పుయెర్’ ఐరిష్ రచయిత జేమ్స్ జాయ్స్ కవిత. తండ్రి పోయిన కొద్ది వారాలకే మనవడు పుట్టినప్పుడు ఆయన రాసినది. క్రైస్తవ స్తోత్రాలూ వీటి పక్కనే ఉన్నాయి. ఇన్ని భాషలను, ఇన్ని కాలాలను ఒకే శ్రుతిలో నిలబెట్టినది స్వరకర్త. దానిని సంకలనం అనడం, ‘ఎందరో మహానుభావులు’ను పేర్ల జాబితా అనడం వంటిదే. ఒకే స్వరాల ఆవృత్తులు ఒక్కోచోట మితిమీరాయని నాకూ అనిపిస్తుంది, కాని అది వేరే చర్చ.

మార్టిన్ షూలిక్ తీసిన ‘జాహ్రదా’ వంటి చిత్రాలకు గోదార్ సంగీతం సమకూర్చారు. 1990లలో ‘స్లొవెన్‌స్కా హుద్బా’ అనే సంగీత పత్రికకు సంపాదకత్వం వహించారు. డచ్ పండితుడు ఎరాస్మస్ 1517లో శాంతి గురించి రాసిన గ్రంథానికీ స్వరాలు కట్టారు. వీటన్నిటి గురించీ ఆ వ్యాసంలో రాయవలసిందని నేను అనడం లేదు.

నేను కోరేది ఒక్కటే. వచ్చే ఆదివారం అనుబంధంలో ఒక సవరణ వేసి, ‘మాతెర్’ రచన: వ్లాదిమీర్ గోదార్, స్లొవాకియా, గానం: ఇవా బిట్టోవా, అని ప్రచురించండి.

ఇట్లు,
విశ్రాంత వయొలిన్ అధ్యాపకురాలు,
విజయనగరం