ఎర్రగడ్డకు టికెట్ అడగలేని వాళ్ళ తరఫున

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా అన్నకు స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు. ఈ ముక్క బయటికి రాయడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది.

మొదటి రెండేళ్ళు మేం ఆస్పత్రి ముఖమే చూడలేదు. రాత్రుళ్ళు నిద్రపోకుండా ఎవరితోనో మాట్లాడుతుంటే గాలి సోకిందన్నారు. తాయెత్తులు కట్టించాం, దర్గాలో మూడు రాత్రులు పడుకోబెట్టాం. పెళ్ళి చేస్తే అదే కుదురుకుంటుందని పెద్దమనుషులు సలహా ఇచ్చారు. అమ్మ అన్నీ విన్నది గానీ ఆ ఒక్క మాట వినలేదు. విని ఉంటే ఎవరింటి పిల్లో మాతో పాటు ఏడ్చేది.

చివరకు హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక ఆస్పత్రి. నల్గొండ నుంచి బస్సు, ఎల్బీనగర్‌లో మెట్రో. అనంతపురంలో ఉండే మా పిన్ని వాళ్ళకు ఎర్రగడ్డ అంటే ఉల్లిగడ్డ, కూరలో వేసుకునేది. మాకు మాత్రం అది తిట్టు. అందుకే దారిలో తెలిసినవాళ్ళు ఎదురై ఎక్కడికి అంటే "ఛాతీ ఆస్పత్రికి, అన్నకు టీబీ" అని చెప్పేవాళ్ళం. ఆ ఆస్పత్రి కూడా అక్కడే ఉంది కదా, అబద్ధం అతికినట్టు సరిపోయేది.

ఇప్పుడు ఆలోచిస్తే వింతగా ఉంటుంది. మా తాతల కాలంలో టీబీ వచ్చినవాడికి కంచం వేరు, గ్లాసు వేరు. ఆ ఇంటి పిల్లను చేసుకోవడానికి జనం జంకేవాళ్ళు. అంత భయపెట్టిన జబ్బు మా పరువు కాపాడే అబద్ధంగా ఎట్లా మారింది?

నాకు తెలిసిన జవాబు ఒకటుంది. టీబీ వైద్యంలో 1997లో మొదలైన డాట్స్ పద్ధతి 2006 నాటికి దేశమంతా పాకింది. మాత్రలు ఊరికే వచ్చాయి. ఎదురుగా నిలబడి మింగించే మనిషి వచ్చింది. నెలలు గడిచాక రోగి లేచి పొలానికి పోవడం ఊరు కళ్ళారా చూసింది. మా అన్న విషయంలో ఊరు చూసింది జబ్బునే. బట్టలు చింపుకోవడం చూసింది, బావి దగ్గర పట్టుకొచ్చి మంచానికి కట్టేయడం చూసింది. తగ్గడం మాత్రం చూడలేదు. మేమే చూడనివ్వలేదు. మాత్రల పేర్లు కనబడకుండా అట్టలు చించి డబ్బాలో పోసేవాళ్ళం, ఎవరన్నా అడిగితే గ్యాస్ మాత్రలనేవాళ్ళం. అయిదేళ్ళుగా అన్న ఒక కిరాణా షాపులో లెక్కలు చూస్తున్నాడు, ఒక్క రూపాయి తేడా రాదు. అయినా ఆ షాపుకు వచ్చేవాళ్ళలో సగం మందికి అతను మాత్రల మీద ఉన్నాడని తెలియదు. మిగతా సగం మందికి అతను ఇంకా "ఆ పిచ్చోడే".

మధ్యలో రెండుసార్లు జబ్బు తిరగబెట్టింది. రెండుసార్లూ కారణం ఒకటే, మాత్రలు అయిపోయాయి. ఒకసారి నాట్లు, ఇంకోసారి అమ్మకు జ్వరం. పట్నం పోవాలంటే ఇద్దరి కూలి పోతుంది, ఒక రోజంతా పోతుంది.

మా ఒక్క ఇంటి గోడు కాదిది. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్ళలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదు. మా చుట్టుపక్కల ఊళ్ళలో అప్పుల పాలై భర్తలు పురుగుల మందు తాగిన ఇళ్ళున్నాయి. పరిహారం కాగితాల కోసం వాళ్ళ భార్యలను ఎన్నిసార్లు పిలిపించారో లెక్కలేదు. నిద్ర పడుతోందా అమ్మా అని అడిగినవాళ్ళు నాకు కనబడలేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీకు తెలియనిది కాదు. ఈ వైద్యం మామూలు వైద్యంలో కలిసిపోయి అన్ని స్థాయుల్లో దొరకాలని అందులోని 18వ సెక్షన్ చెబుతోంది. అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవి సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైస్థాయి దాకా ఎల్లవేళలా ఉచితంగా ఇవ్వాలనీ చెబుతోంది. నేను అడిగేది ఆ సామాజిక కేంద్రం కంటే ఒక్క మెట్టు కిందిచోట. మా ఊరికి రెండు కిలోమీటర్లలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. అమ్మ అక్కడే బీపీ మాత్రలు తెచ్చుకుంటుంది. పెద్ద డాక్టరు రాసిన చీటీ చూసి అదే కిటికీ దగ్గర అన్న మాత్రలూ ఇప్పించండి. వేరే గది వద్దు, వేరే రోజు వద్దు, తలుపు మీద బోర్డు అసలే వద్దు. బోర్డు పెడితే ఆ తలుపు దాటేవాళ్ళు ఉండరు. మూడు నెలలకోసారి జిల్లా నుంచి మానసిక వైద్యుడు అక్కడికే వస్తే పట్నం ప్రయాణం చాలామందికి తప్పుతుంది.

ఫోన్లో మానసిక సలహా ఇచ్చే 14416 టెలీ మానస్ నంబరు మంచిదే. 2022 అక్టోబరులో వచ్చింది. ఒక రాత్రి నాకే టెన్షన్ పట్టలేక చేశాను, తెలుగులో ఓపిగ్గా మాట్లాడారు. కానీ ఫోన్లో మాత్రలు రావు కదండీ.

ఇంకొకటి, దీనికి పైసా ఖర్చు లేదు. ఎన్నికలు వస్తే చాలు, ఒక పార్టీ వాళ్ళు ఇంకో పార్టీ నాయకుణ్ణి ఎర్రగడ్డకు పంపాలంటారు. అన్ని పార్టీలూ అంటాయి. అది టీవీలో వచ్చినప్పుడు మా ఇంట్లో అన్న కూడా అన్నం తింటూ చూస్తుంటాడు. పోయినసారి కంచం పక్కన పెట్టి లేచిపోయాడు. సాటి సభ్యులకు ఈ సంగతి మీరు చెప్తే వాళ్ళు వింటారు. మేం చెప్తే వినరు.

నాకు వచ్చిన రెండు సంబంధాలు అన్న సంగతి తెలిసి తప్పిపోయాయి. దాని మీద నాకిప్పుడు కోపం లేదు, ఈ ఉత్తరం అందుకోసం రాయడం లేదు. వచ్చే నెల పన్నెండున అన్నను మళ్ళీ తీసుకుపోవాలి. ఈసారి దారిలో ఎవరన్నా అడిగితే ఎర్రగడ్డకే అని చెబుదామా అని అన్నను అడిగాను. "నువ్వు చెప్పు, నేను కిటికీలోంచి బయటికి చూస్తుంటా" అన్నాడు.

ఇట్లు,
ఒక చెల్లెలు,
నల్గొండ జిల్లా