మొక్క కుళ్లితే మీ చేతిని తిట్టుకోబాకండి, అది నీళ్లలో బతికేది కాదు

సంపాదకులు గారికి నమస్కారం,

నెల్లూరు, కావలి, ఒంగోలు ఎక్కడికి పోయినా ఇప్పుడు అక్వేరియం షాపుల్లో చేపలతో పాటు మొక్కలు కూడా అమ్ముతున్నారు, సంతోషమే, ప్లాస్టిక్ మొక్క కంటే నిజం మొక్క ఎప్పుడూ మేలే. కాకపోతే ఆ అమ్మే వాటిల్లో చానా వరకు నీళ్లలో మునిగి బతికేవి కావండీ. వరండాలో కుండీలో పెట్టుకునే ఇండోర్ మొక్కల్ని తెచ్చి తొట్లో ముంచి, పైన బ్లూ లైటేసి, అక్వేరియం ప్లాంట్ అని చెప్పి అమ్మేస్తున్నారు. నర్సరీలో అయితే అదే మొక్క ఇంకా చవగ్గా దొరుకుద్ది, సరే రేటు సంగతి పోనీయండి, దానివల్ల చేపలు చస్తున్నాయి, నా బాధంతా అది.

ఏ మొక్కలంటే అన్నిటికంటే ముందు లక్కీ బాంబూ. పేరుకే బాంబూ, అసలు వెదురే కాదు, ఆఫ్రికా వైపు పుట్టిన డ్రసీనా జాతి మొక్క. దాంతో పాటు పీస్ లిల్లీ, సింగోనియం, స్పైడర్ ప్లాంట్, ఆకు మీద తెల్లచారలుండే రకరకాల డ్రసీనాలు, అగ్లోనిమా, కలాడియం, గడ్డి దుబ్బులా పొట్టిగా ఉండే మోండో గ్రాస్, ఆకు కింద ఊదారంగు తిరిగే హెమిగ్రాఫిస్, ఎర్ర గీతల ఫిట్టోనియా, ఇవన్నీ తొట్లలో ముంచి ఉండగా నేను చూసినవే. డిఫెన్‌బాకియాని కూడా వదలడం లేదు, దాని ఆకు కొరికితే నోరంతా మండి నాలుక వాచిపోద్ది, చిన్నపిల్లలున్న ఇంట్లో అది తొట్లోనే కాదు చేతికందే చోట యాడా పెట్టకూడదు.

వీటితో వచ్చిన చిక్కేందంటే ఇవి వెంటనే చావవు. కొని తెచ్చిన రోజు ఎట్టుందో రెండు వారాల తర్వాత కూడా అట్టనే పచ్చగా నిగనిగలాడతా ఉంటది, లక్కీ బాంబూ అయితే నెలల తరబడి నిలబడుద్ది. అందుకని ఎవరికీ అనుమానం రాదు. తీరా అది కుళ్లడం మొదలయ్యేసరికి కొన్న సంగతే మర్చిపోయుంటారు, షాపు వాడిని అడగాలని కూడా తోచదు. నీళ్లు మంచివి కాదంటారు, లైటు చాల్లేదంటారు, మా పక్కింటి ఆవిడైతే "నా చేతికి ఏ చెట్టూ బతకదు లేండి, మా అత్త ఎప్పుడూ అనేది" అని తనని తానే తిట్టుకుంది. ఆమె పెరట్లో కరివేపాకు, మల్లె, జామ ఒకదాన్ని మించి ఒకటి పెరుగుతా ఉన్నాయి. చేతివాసి లేకపోవడమేంది, నీళ్లలో ఊపిరాడని మొక్కని ఎవరి చేయి మాత్రం బతికిస్తుంది.

ఊపిరాడదు అని ఊరికే అనడం లేదు. నేల మీద పెరిగే మొక్క ఆకు మీద సన్నటి మైనం పూత ఉంటది, ఎండకి నీళ్లు ఆవిరై పోకుండా. గాలి లోపలికి పోను చిన్న చిన్న రంధ్రాలు వేరే ఉంటాయి. అట్టాంటి ఆకుని నీళ్లలో ముంచితే మైనం అడ్డం, రంధ్రాల దగ్గర నీళ్లు అడ్డం, పైగా కార్బన్ డయాక్సైడ్ గాల్లో కదిలినంత సులువుగా నీళ్లలో కదలదు, సుమారు 10,000 రెట్లు నిదానం. ఇంక ఆ ఆకు అన్నం యాడ వండుకుంటది. నీటి మొక్క ఆకు అట్ట కాదు, పల్చగా ఉంటది, మైనం దాదాపు ఉండదు, ఆకు మొత్తంతో నీళ్లలో నుంచే తీసుకుంటది, కాడలో గాలి గొట్టాలుంటాయి. టెన్త్ సైన్సులో హైడ్రిల్లా ప్రయోగం అందరికీ గుర్తుండే ఉంటది, బీకరులో మొక్క పెట్టి మీద గరాటు బోర్లించి ఎండలో పెడితే బుడగలు బుడగలుగా ఆక్సిజన్ పైకి వచ్చేది. సైన్సు సారు దానికి నీటి మొక్కని తెచ్చాడు గానీ లక్కీ బాంబూ తేలేదు గదా.

మరి ఆ నెలా రెండు నెలలు ఎట్ట పచ్చగా ఉంటదంటే, కాడలో వేరులో దాచుకున్నది తింటా ఉంటది. పంట లేకుండా గాదెలో గింజలు తింటా కూర్చున్న సంసారం అది, గాదె అడుగు తగిలిన రోజు ఖతం. లక్కీ బాంబూ అయితే ముందు అడుగు కణుపు పసుపు తిరుగుద్ది, వేలితో నొక్కితే పైన తోలు జారి లోపల మెత్తగా బంకలాగా తగులుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుంటే మురిక్కాలవ వాసన. పీస్ లిల్లీకి ఆకు అంచు అద్దంలాగా అయిపోయి చిల్లులు పడి, కాడ మొదట్లో తెల్లటి జిగురు పడుద్ది. పైన ఆకు ఇంకా పచ్చగానే ఉందని చానామంది తీయరు, అప్పటికే కింద సగం నీళ్లలో కలిసిపోయుంటది.

ఆ కుళ్లేది చేపలకి ఏం చేస్తదో మన జిల్లాలో వేరే చెప్పాల్సిన పని లేదు. నేను రొయ్యల చెరువుల నీళ్లు టెస్ట్ చేసే ల్యాబులో పని చేస్తా, కోవూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రైతులు పొద్దున్నే సీసాలు పట్టుకొచ్చి నిలబడతారు, అమ్మోనియా ఎంతుంది, నైట్రైట్ ఎంతుంది, డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోయిందా అని అడుగుతారు. చెరువు అడుగున మేత మిగిలి కుళ్లితే ఎంత నష్టమో వాళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు, తెల్లవారుజామున డీవో పడిపోద్దని రాత్రంతా నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పుకుంటారు. అట్టాంటి రైతే ఇంట్లో పిల్లలకి కొనిచ్చిన తొట్లో మొక్క కుళ్లతా ఉంటే పట్టించుకోడు, ఇదేందో నాకు అర్థం కాదు. తొట్లో నీళ్లు ఎన్ని, ఓ 50 లీటర్లు. చెరువులో కలిసిపోయే కుళ్లు అందులో కలిసిపోదు. కుళ్లబెట్టే బ్యాక్టీరియా ఆక్సిజన్ తినేస్తది, అమ్మోనియా వదిలిపెడుద్ది. పైగా మన బోరునీళ్లు చానాచోట్ల పిహెచ్, అంటే క్షారగుణం కొలిచే అంకె, ఎక్కువే. పిహెచ్ 7 ఉండి 25 డిగ్రీల వేడి ఉంటే మొత్తం అమ్మోనియాలో విషం రూపంలో ఉండేది నూటికి ఒక వంతు కూడా ఉండదు, అదే పిహెచ్ 8కి పోతే 5 వంతులు దాటుద్ది, మన ఎండాకాలంలో నీళ్లు 30 డిగ్రీలు దాటితే ఇంకా పైకి. వేడి నీళ్లలో ఆక్సిజన్ నిలిచేది కూడా తక్కువే. చేపలు పైకొచ్చి నోరు తెరుస్తా ఉంటే గాలి పంపు చెడిపోయిందనుకుంటారు, కొత్త పంపు కొంటారు, కొత్త చేపలు కూడా కొంటారు. కుళ్లే మొక్క అట్టనే ఉంటది.

షాపుల వాళ్లందరూ మోసగాళ్లని నేను అనను. ఒక షాపులో అడిగితే "అన్నా, మద్రాసు నించి పెట్టె వస్తది, అందులో ఏ మొక్క ఉందో మాకే తెలీదు, మీరు చెప్తే వినడమే" అన్నాడు ఆ అబ్బాయి, అది నిజమే అయ్యుంటది, అలంకరణ చేపల వ్యాపారంలో మద్రాసులోని కొళత్తూరు ఎంత పెద్ద మార్కెట్టో చేపలు పెంచే వాళ్లకి తెలిసిందే, అక్కణ్ణించి వచ్చిన కట్టల మీద పేరుండదు. కానీ ఇంకో షాపాయన్ని అదే అడిగితే "పోతే పోద్దిలే సార్, ఇంకోటి కొనుక్కుంటారు" అని నవ్వాడు చూడండి, ఈ ఉత్తరం రాయాలనిపించింది ఆ మాటకే.

ఇక్కడ ఒక మెలిక ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. నిజమైన నీటి మొక్కల్ని కూడా చానా ఫారాల్లో నీళ్లపైనే పెంచుతారు, వేర్లు తడిలో ఆకులు గాల్లో, అట్ట అయితే తొందరగా పెరుగుతాయి, పాచి పట్టదు. అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకొరైన్, లడ్‌విజియా, రొటాలా ఇట్టాంటివి. వాటిని తెచ్చి ముంచగానే పాత ఆకులు కరిగిపోతాయి, క్రిప్టోకొరైన్ అయితే ఒక్క ఆకు మిగలకుండా పోద్ది. చూసి కంగారు పడి పీకి పారేయబాకండి, కుళ్లిన ఆకులు మాత్రం తుంచేసి మొదలు గట్టిగా ఉందో లేదో చూడండి, గట్టిగా ఉంటే కొన్ని వారాల్లో పల్చటి కొత్త ఆకు వస్తది, ఆ కొత్త ఆకు పాతదానికంటే వేరేగా ఉంటది కూడా. నేల మొక్కకి ఆ కొత్త ఆకు ఎప్పటికీ సరిగ్గా రాదు, తేడా అంతా అక్కడే.

కొనేటప్పుడు ఎట్ట కనుక్కోవాలంటే, నీళ్లలో నించి పైకి తీయించి చూడండి. నీళ్లలోనే పెరిగినది తడిగుడ్డలాగా వాలిపోద్ది, కర్రలాగా నిలబడి నీళ్లు జారిపోయి ఆకు పొడిగా మెరుస్తా ఉంటే, పైగా తెల్లచారలో ఎర్రచారలో ఉంటే, ముందు అనుమానించండి. ఇదే ఆఖరి పరీక్ష అని కాదు, అనూబియాస్ ఆకు కూడా దళసరిగా గట్టిగానే ఉంటది, అది మాత్రం నీళ్లలో హాయిగా బతుకుద్ది. అందుకని పేరు అడగాల్సిందే. పేరు తెలీదన్నారంటే ఫోనులో ఫొటో తీసుకుని ఇంటికొచ్చి వెతికి మర్నాడు కొనుక్కోండి, మొక్క యాడికీ పోదు. షాపు తొట్లో అది ఎన్నాళ్ల నించి మునిగి ఉందో, కొత్త ఆకు ఏదో చూపించమనండి, ఆ ఒక్క ప్రశ్నకే చానామంది తడబడతారు.

ఏం కొనాలో కూడా చెప్తాను. కొత్తగా మొదలుపెట్టే వాళ్లకి వాలిస్నేరియా, హార్న్‌వర్ట్, హైగ్రోఫిలా, జావా మాస్, జావా ఫెర్న్, అనూబియాస్, ఇవి చాలు, పెద్ద లైట్లు అక్కర్లేదు, కార్బన్ డయాక్సైడ్ ఎక్కించే గ్యాస్ సిలిండర్ అక్కర్లేదు. జావా ఫెర్న్, అనూబియాస్ మాత్రం దుంపకాడని ఇసుకలో పూడ్చకూడదు, పూడిస్తే అదీ కుళ్లుద్ది, రాయికో చెక్కకో దారంతో కట్టండి. కాలవలో నించి ఊరికే పీక్కొచ్చుకుంటామనే వాళ్లూ ఉన్నారు, పొలాల మందు కలిసిన నీళ్లలో పెరిగిన నాచు తెస్తే రొయ్యలుండే తొట్టి ఒక్క రోజులో ఖాళీ అవచ్చు. అట్టనే తొట్లో ఎక్కువైన మొక్కల్ని కాలవలో పారేయడం కూడా మానండి, గుర్రపుడెక్క కూడా అందంగా ఉందని ఎవరో దక్షిణ అమెరికా నించి తెచ్చిందే.

ఇప్పటికే కొన్నవాళ్లు డబ్బులు పోయినయ్యే అనుకోనక్కర్లేదు. లక్కీ బాంబూని బయటికి తీసి కాడ అడుగు మాత్రం నీళ్లలో, ఆకులు పైన ఉండేటట్టు పెట్టండి, బ్రహ్మాండంగా ఉంటది. సింగోనియం, మనీ ప్లాంట్ కూడా అంతే, వేర్లు తొట్లోకి వేలాడదీసి ఆకులు బయట ఉంచితే నీళ్లలో నైట్రేట్ లాక్కుని తొట్టికి మేలే చేస్తాయి. మిగతావి మట్టి కుండీలోకి మార్చేయండి. గాజు సీసాలో ఫైటర్ చేప, పైన పీస్ లిల్లీ పెట్టి చేప ఆ వేర్లు తిని బతుకుద్దని చెప్పి అమ్మేవాళ్లుంటారు, నమ్మబాకండి, ఫైటర్ పురుగుల్ని తినే చేప, వేర్లు తినదు, గాలి కోసం పైకి రావాలి దానికి, వేర్లతో సీసా మూతి నిండిపోతే అదీ కష్టమే.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఒక వస్తువు గురించి లేని గుణం ఉందని చెప్పి అమ్మడం తప్పే, 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు కూడా ఇవ్వచ్చు. కానీ వంద రూపాయల మొక్క కోసం ఎవరు పోతారు, ఈ వ్యాపారం నడుస్తా ఉండేదే అందుకు. అంతకంటే మన ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది, ఆ సార్లు ఏడాదికి ఒక పూట షాపుల వాళ్లని కూర్చోబెట్టి ఏది నీటి మొక్క ఏది కాదు అని చూపిస్తే సగం సమస్య అక్కడే తీరుద్ది, మీ జిల్లా పేజీలో ఆ మాట ఒకసారి అడగమని మనవి.

షాపుల వాళ్లని అడిగేది కూడా పెద్దదేం కాదు. తొట్టి అద్దానికి ఒక అట్ట ముక్క అంటించి, మునిగి బతికేవి ఇవి, ఆకులు పైన ఉండాల్సినవి ఇవి అని రాయండి చాలు. మీ సరుకు అమ్ముకోవద్దని ఎవరూ అనట్లేదు, లక్కీ బాంబూని లక్కీ బాంబూ అని చెప్పి తొట్టి బయట పెట్టి అమ్ముకోండి, కావాల్సిన వాళ్లు టేబుల్ మీద పెట్టుకోను కొనుక్కుంటారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కోవూరు, నెల్లూరు జిల్లా