బ్యాటరీ మార్చుకునే వీలు మళ్ళీ ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం,
స్మార్ట్‌ఫోన్‌తో సుఖమే, కాదనను, దారి చూపిస్తుంది, బిల్లు కడుతుంది, ముందే మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. కానీ అన్ని తాళాలూ ఒకే గుత్తికి తగిలించేశాం కదా, ఛార్జింగ్ అయిపోతే ఓటీపీ చూడలేం, టికెట్ చూపించలేం, ఇంట్లోవాళ్ళ నంబర్ కూడా గుర్తుండదు. నాకు ఒళ్ళు మండేది బ్యాటరీ దగ్గరే. ఒకప్పుడు వెనక మూత తీసి కొత్తది వేసేసేవాళ్ళం, ఇప్పుడు చాలా ఫోన్లలో జిగురుతో అతికించేస్తున్నారు, లిథియం అయాన్ బ్యాటరీ అన్నాక వాడేకొద్దీ కెపాసిటీ తగ్గడం ఖాయం, వేడెక్కినా, గంటలకొద్దీ 100 శాతం దగ్గరే ఉంచినా ఇంకా తొందరగా తగ్గుతుంది. అందుకే కొన్ని ఫోన్లలో 80 శాతానికి ఆపే సెట్టింగ్ పెట్టారు (అది ఎక్కడుందో వెతకడం ఇంకో తలనొప్పి). ఫోన్ మొత్తం బాగున్నా బ్యాటరీ కోసం కొత్తది కొనాలా? కంపెనీలని ఈ మాట మీ పేపర్ తరఫున గట్టిగా అడగండి.

ఇట్లు,
మీ పాఠకుడు