అమ్మ చెయ్యి నొప్పి నిజమేరా

జయపురం
సంక్రాంతి వెళ్ళిన వారం

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని తిట్టుకోకు. చెల్లి డిగ్రీ పరీక్షలు రాస్తోంది, వంటింటి కప్పు మార్పించాం. అసలు సంగతి మా అమ్మ ఎడం చెయ్యి.

గుర్తుందిగా, చలికాలం వస్తే చాలు, ముంజేతికి కొంగు చుట్టుకుని కూర్చునేది? ఇక్కడి చలి నీకు తెలుసు. పొద్దున్నే కుళాయి నీళ్ళు తగిలితే కెవ్వుమనేది. ఏడేళ్ళురా! ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఒకాయన నరాల బలహీనత అన్నాడు, ఇంకొకాయన నాన్న పోయిన దిగులన్నాడు. నేనూ నమ్మేశాను. "ఊరికే దాని గురించే ఆలోచించకమ్మా" అని ఎన్నిసార్లు విసుక్కున్నానో... సరే, అది వదిలెయ్.

మొన్న డిసెంబరులో కిరండూల్ ప్యాసింజరెక్కించి విశాఖపట్నం తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రేలు పక్కన పెట్టేసి, పెన్ను మొనతో ముంజెయ్యంతా నొక్కుతూ వచ్చింది. ఇక్కడ? లేదు. ఇక్కడ? లేదు. ఒక్కచోట మాత్రం అమ్మ చెయ్యి లాగేసుకుంది. చూస్తే చర్మం కింద కందిగింజంత, కాస్త నీలంగా! తర్వాత బీపీ చూసే పట్టీ జబ్బకి చుట్టి, గాలి కొట్టి, మళ్ళీ అక్కడే నొక్కింది. "ఇప్పుడు లేదమ్మా" అంది అమ్మ ఆశ్చర్యంగా. గాలి వదలగానే మళ్ళీ నొప్పి.

గ్లోమస్ ట్యూమరట. ట్యూమర్ అనగానే నాకు కాళ్ళు వణికాయి. క్యాన్సర్ కాదులే. వేడికీ చలికీ తగ్గట్టు చర్మంలో రక్తాన్ని సర్దే చిన్న చిన్న ముడుల్లాంటివి ఉంటాయట, వాటిల్లో పెరిగే గడ్డ ఇది. ఎక్కువగా గోరు కింద వస్తుంది. ముంజేతి మీద అరుదు కాబట్టి ఎవరికీ తట్టదు. మాసన్ అనే ఫ్రెంచి డాక్టరు 1924లోనే దీని గురించి రాశాడట. వందేళ్ళ కిందట! మేమేమో ఇక్కడ బాము రాస్తూ, ఇసుక కాపడం పెడుతూ...

ఆ చోటికి మాత్రం మత్తిచ్చి అరగంటలో తీసేశారు. బయాప్సీలోనూ అదే తేలింది.

నిన్న పొద్దున్న లేచేసరికి అమ్మ చన్నీళ్ళతో గిన్నెలు తోముతోంది. "ఉండమ్మా, నీళ్ళు కాచిస్తాను" అని పరిగెత్తాను. చెయ్యి కుళాయి కిందే ఉంచి నాకేసి చూసింది. "చల్లగా ఉందిరా, అంతే" అంది. నాకు నోట మాట రాలేదు.

అన్నట్టు, మీ అక్కకి చలిలో బొటనవేలి గోరు కింద సలుపుతోందని రాశావు కదా? గోరు ఒకచోట నీలంగా ఉందేమో చూడు. పెన్ను మొనతో మెల్లగా... ఇదిగో, ఉత్తరం పట్టుకొచ్చే అబ్బాయి కేకేస్తున్నాడు, సాలూరు బస్సు వచ్చేసిందట. ఉంటానురా.