లోటు కోత ఎవరి కంచంలోంచి?

సంపాదకులకు నమస్కారం.

2020-21లో జీడీపీలో 9.2 శాతానికి చేరిన ద్రవ్య లోటును (రాబడికి మించిన ఖర్చు కోసం ప్రభుత్వం అప్పుతో పూడ్చుకునే మొత్తాన్ని) 2025-26 నాటికి 4.5 శాతంలోపునకు తెస్తామని మాట ఇచ్చిన కేంద్రం దాన్ని ఏటేటా తగ్గిస్తూ వచ్చింది. అప్పులపై వడ్డీల బరువు తెలిసినవారెవరూ ఆ లక్ష్యాన్ని తప్పుపట్టరు. కోత ఎవరి మీద పడుతోందన్నదే నా ఆవేదన. 2022-23 సవరించిన అంచనాల్లో 89,400 కోట్ల రూపాయలున్న ఉపాధి హామీకి మరుసటి బడ్జెట్‌లో 60,000 కోట్లే కేటాయించారు. 2019లో కంపెనీల పన్ను తగ్గించినప్పుడు మాత్రం ఏడాదికి 1.45 లక్షల కోట్ల రాబడి వదులుకుంటున్నామని ప్రభుత్వమే ప్రకటించింది.

అంతకన్నా బాధ కలిగించేది వృద్ధుల పింఛను. 60 నుంచి 79 ఏళ్ల పేదలకు కేంద్రం ఇచ్చే వాటా పదిహేనేళ్లకు పైగా నెలకు 200 రూపాయల దగ్గరే ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 4,000 అందుతున్నాయంటే మిగతాదంతా రాష్ట్ర ఖజానా మోస్తున్నదే. మా వీధిలో ఒంటరిగా ఉండే ఒక అవ్వ పింఛను అందిన రోజున నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, బీపీ మాత్రల డబ్బును ముందుగా విడదీసి కొంగున ముడివేసుకోవడం నేను ప్రతి నెలా చూస్తున్నాను. ఆ 200 రూపాయలతో ఆమెకు మాత్రలు కూడా పూర్తిగా రావు. లోటు తగ్గించే క్రమంలోనే ఈ వాటాను ధరలకు తగినట్టు పెంచాలని, అందుకు మన ఎంపీలు పార్టీలకతీతంగా పార్లమెంటులో పట్టుబట్టాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు జిల్లా