ఏ పేజీలో ఉన్నామో చెప్పని మెనూలు

సంపాదకుడి గారికి,

నమస్కారం. మా ఊళ్లో చాలాకాలంగా ఇంటర్నెట్ సెంటరు నడుపుతున్నాను. సర్వర్ మొరాయించడం, ఓటీపీ రాకపోవడం గురించి అందరూ మాట్లాడతారు గాని, చాలా సేవల సైట్లలో మనం ఏ పేజీలో ఉన్నామో మెనూ చూపించదన్న సంగతిని ఎవరూ పట్టించుకోరు.

మొన్న ఒక పెద్దాయన మనవరాలి దరఖాస్తు తానే నింపుతానని కూర్చున్నారు. తెరకు ఎడమ పక్కన ‘కొత్త దరఖాస్తు’, ‘పత్రాల అప్‌లోడ్’, ‘ఫీజు చెల్లింపు’, ‘దరఖాస్తు స్థితి’ అని నాలుగు లింకులు, నాలుగూ ఒకే నీలిరంగులో ఉన్నాయి. పత్రాలు ఎక్కించాక తెరుచుకున్న పేజీ ఏదో తెలియక ఆయన మళ్లీ ‘కొత్త దరఖాస్తు’ నొక్కడంతో, అప్పటిదాకా నింపినదంతా పోయింది. “ఇప్పుడు నేనెక్కడున్నాను బాబూ?” అని ఆయన అడిగితే, పైన అడ్రస్ బార్‌లోని ఇంగ్లిషు అక్షరాలు కూడబలుక్కుని చెప్పవలసి వచ్చింది.

కొన్ని సైట్లు ఇంకో అడుగు ముందుకు వేసి, ఏ పేజీ తెరిచినా ‘హోమ్’ లింకునే వెలిగిస్తాయి. మొదటి పేజీ మెనూను మిగతా పేజీలకు యథాతథంగా కాపీ చేసి, ఆ గుర్తును మార్చడం మరిచిపోతే ఇలాగే అవుతుంది. గుర్తు లేకపోవడం కన్నా తప్పుడు గుర్తు ఉండడమే ఎక్కువ చేటు.

సరిచేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అయితే ఇంగ్లిషు సైట్ల అలవాటుతో, మనమున్న పేజీ లింకు అక్షరాలను లావు చేసి, కింద గీత గీసి ఊరుకుంటే తెలుగుకు సరిపోదు. చిన్న అక్షరాలు లావైతే గుడులు పూడుకుపోతాయి, గీత వత్తుల మీదుగా పోతుంది. లింకు వెనుక ముదురు పట్టీ వేసి, పక్కన ఒక నిలువు గీత పెడితే స్పష్టంగా ఉంటుంది. సమాచారం తెలపడానికి రంగు ఒక్కటే ఆధారం కారాదని వెబ్‌సైట్లు వికలాంగులకూ అందుబాటులో ఉండేందుకు రూపొందించిన 2008 నాటి డబ్ల్యూసీఏజీ 2.0 మార్గదర్శకాల్లోనే ఉంది. ఇక చూపు లేనివారికి పట్టీ అయినా గీత అయినా ఒకటే కనుక, 2017లో ప్రమాణంగా వచ్చిన ‘ఏరియా-కరెంట్’ (aria-current) అనే గుర్తును ఆ లింకు కోడ్‌కు జోడిస్తే, తెర మీది రాతను పైకి చదివే స్క్రీన్ రీడర్ ‘ఇదే ప్రస్తుత పేజీ’ అని చదివి వినిపిస్తుంది.

డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. అందుచేత, సైటు తయారుచేసిన సంస్థకు బిల్లు చెల్లించే ముందు, సంబంధిత అధికారి ఒక్కొక్క పేజీ తెరిచి మెనూలో ఏ లింకు వెలుగుతోందో కళ్లారా చూసి సంతకం పెట్టాలన్న నిబంధనను రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ తేవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ పరిశీలన ఫోన్లో కూడా జరగాలి; అక్కడ మెనూ మూడు గీతల వెనుక దాగి ఉంటుంది గనుక, పేజీ పేరు పైన విడిగా, తెలుగులో కనబడాలి.

ఇట్లు,
ఒక ఇంటర్నెట్ సెంటర్ నిర్వాహకుడు