కారు పారేయకు తల్లీ

చిట్టితల్లీ,

నిన్న ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచీ నాకు నువ్వు స్ప్రింగుతో నడిచేలా చేసిన బొమ్మ కారు మీదే ధ్యాస. "గది సగం దాకా పోయి టక్కున ఆగిపోతోంది నాన్నా, పారేస్తాను" అన్నావు. పారేయకు. నువ్వు పంపిన వీడియో పదిసార్లు చూశాను. ఆగగానే వెనక చక్రాలు కొంచెం వెనక్కి తిరుగుతున్నాయి, గమనించావా? చిక్కంతా అక్కడే ఉంది.

స్ప్రింగుకు కట్టిన దారం రెండో కొసను వెనక చక్రాల ఇరుసుకు గట్టిగా ముడి వేసినట్టున్నావు. దారం పూర్తిగా విప్పుకున్నాక కూడా చక్రాలు ఆ ఊపులో తిరుగుతూనే ఉంటాయి కదా. ముడి ఊడదు కాబట్టి దారం మళ్ళీ ఎదురువైపు చుట్టుకుని స్ప్రింగును లాగుతుంది. అంతవరకూ కారును నడిపిన స్ప్రింగే అప్పుడు బ్రేకు వేస్తుంది. ముడి తీసెయ్. ఇరుసు పుల్లకు గుండుసూది ముక్క ఒకటి టేపుతో చుట్టి, కొస కొంచెం బయటికి ఉంచు. దారం చివర చిన్న ఉంగరంలా చేసి దానికి తగిలించు. దారం అయిపోగానే ఉంగరం దానంతటదే జారిపోవాలి, కారు ఇక స్వేచ్ఛగా దొర్లాలి.

దారాన్ని వేలితో చుట్టకు. కారును నేల మీద కాస్త అదిమిపట్టి వెనక్కి దొర్లించు, దారం సరైన వైపుకే చుట్టుకుంటుంది. ఇరుసు పైనుంచి ముందున్న స్ప్రింగు వైపు దారం పోతూ ఉండాలి. కిందనుంచి పోతే కారు వెనక్కి పరుగెడుతుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన లెక్క. నీ ఇరుసు పుల్ల 4 మిల్లీమీటర్ల మందం, అంటే దాని చుట్టుకొలత దాదాపు 12.5 మిల్లీమీటర్లు. స్ప్రింగు 10 సెంటీమీటర్లు సాగితే ఇరుసుకు దారం 8 చుట్లు. చక్రాలుగా పెట్టిన సీడీ 12 సెంటీమీటర్ల వెడల్పు, ఒక్క చుట్టుకు దాదాపు 37.7 సెంటీమీటర్లు దొర్లుతుంది. 8 చుట్లకు 3 మీటర్లు! ఆపైన ఊపు మీద పోయేదంతా అదనం. ఇరుసుకు టేపు చుట్టి మందం రెట్టింపు చేస్తే స్ప్రింగు లాగే దూరం సగమే, కానీ తోపు గట్టిగా ఉంటుంది. రెండూ చేసి చూడు.

చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగితే సీడీ అంచుకు రబ్బరు బ్యాండు తొడుగు. ఇరుసు స్ట్రాలో వదులుగా తిరగాలి, అది మాత్రం తప్పదు.

స్ప్రింగును రెండింతలు లాగితే అందులో దాగే శక్తి నాలుగింతలవుతుంది. అలాగని హద్దు దాటి లాగకు. వదిలేశాక వెలుతురుకు ఎత్తి చూడు. ముందు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న చుట్ల మధ్య సందులు కనబడితే అది సాగిపోయిందన్నమాట, ఇక పనికిరాదు, వేరేది వేసుకో. లాగేటప్పుడు ముఖం దగ్గర పెట్టుకోకు తల్లీ, కొక్కెం జారితే కంటికి తగులుతుంది. ఈ ఒక్క మాటా మర్చిపోకు.

సరిచేశాక మొదటి పరుగుకు వీడియో వద్దు. ఫోన్ చేసి నేల మీద పెట్టు. ఆ సీడీలు దొర్లే చప్పుడు వినాలని ఉంది.

నీ
నాన్న